నీటి నుండి ఉదజని - లోహ ఆక్సైడుల పాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగ పాఠము)



1901వ సంవత్సరమున హైదరాబాదు నగరమందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. 1906లో అచ్చటనే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపింపబడి, చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రములను గూడ తెలుగున చదువుకొనుటకు వీలగు గ్రంథములను వెలువరించినది. శాస్త్ర జ్ఞానమునందు అక్షరము నేర్చిన ప్రతివానికిని భాగము కలదని ఆ పెద్దల విశ్వాసము. గ్రామ గ్రంథాలయములు నేటికిని ఆ విశ్వాసము మీదనే నిలిచియున్నవి. కావున ఇట్టి రజతోత్సవ వేళ, ఆర్మూరు రైతు పొలమునకును దూరదేశముల ప్రయోగశాలలకును సంబంధము గల యొక శాస్త్ర విషయమును ముచ్చటించుట ఉచితము. నీటిని ఉదజని, ఆమ్లజని యను రెండు వాయువులుగా విడదీయుటయు, ఆ పనికి తోడ్పడు లోహ ఆక్సైడులను రూపొందించుటయు ఆ విషయము. ఉదజనినే హైడ్రోజను అనియు, ఆమ్లజనినే ఆక్సిజను లేక ప్రాణవాయువు అనియు వ్యవహరింతురు.

పొలమునకు దీనితో నేమి పని యని యెవరైనను అడుగవచ్చును. పసుపు ఎనిమిది తొమ్మిది మాసములు నేలలో నుండు పైరు. దానికి నత్రజని కావలెను. రైతు దానిని చాలవరకు యూరియా రూపమున వేయుచున్నాడు. యూరియా అమ్మోనియా నుండి తయారగును. అమ్మోనియా నత్రజని, ఉదజనుల కలయిక వలన తయారగును. నత్రజని గాలిలో కావలసినంత కలదు. ఉదజని మాత్రము విడిగా దొరకదు. దానిని దేనినుండియో రాబట్టవలెను. రామగుండములో 1980లో బొగ్గు ఆధారముగా ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడినది. అచ్చటనే నిర్మింపబడి 2021లో ఉత్పత్తి మొదలిడిన క్రొత్త కర్మాగారము సహజ వాయువు నుండి ఉదజనిని రాబట్టుచున్నది. సంవత్సరమునకు 12 లక్షల 70 వేల టన్నుల యూరియాను తయారుచేయు శక్తి దానికి కలదు. అయితే దేశము వాడు సహజ వాయువులో దాదాపు సగము ఓడల మీద పరదేశముల నుండి వచ్చుచున్నది. ఆ దేశములలో ఒడుదుడుకులు కలిగినచో దాని ధర పెరుగును. ఆ భారము సర్కారు ఖజానా మీదను, తుదకు సేద్యము మీదను పడును. అంతేగాక, సహజ వాయువు నుండి ఉదజనిని తీయునపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. నీటి నుండి ఉదజనిని చౌకగా రాబట్టగలిగినచో ఈ రెండు చిక్కులును చాలవరకు తగ్గును.

ఇది కేవల ఊహ కాదు. 1961లో పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారమున భాక్రా-నంగల్ జలవిద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ ఉదజనితోనే ఎరువు తయారుచేసిరి. తరువాతి కాలమున అచ్చట ఇతర ముడి పదార్థములకు మారవలసి వచ్చినది. చిక్కెచ్చటనున్నదో చిన్న లెక్క చూపగలదు.

యూరియా బరువులో పదవ వంతు ఉదజని, దాని తయారీయందు వ్యయమగును. అనగా 45 కిలోల సంచికి నాలుగున్నర కిలోల ఉదజని కావలెను. ఒక కిలో ఉదజనికి తొమ్మిది లీటర్ల నీరు చాలును గాన, సంచికి నలువది లీటర్ల నీరు, అనగా మూడు నాలుగు బిందెలు, సరిపోవును. విద్యుత్తు మాటయో? కిలో ఉదజనికి నేటి యంత్రములు 50 నుండి 55 యూనిట్లు వాడుచున్నవి. ఆ లెక్కను ఒక్క సంచికి 225 యూనిట్లకు తక్కువ కాదు. యూనిటు నాలుగు రూపాయలనుకొన్నను, ఆ సంచికి విద్యుత్తు వెల మాత్రమే 900 రూపాయలగును.

రామగుండము కర్మాగారపు పూర్తి ఉత్పత్తికి ఇదే పద్ధతిని అనుసరింపవలెననిన, రసాయన క్రియకు కావలసిన నీరు సంవత్సరమునకు టి.ఎం.సి.లో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే. శ్రీరామసాగరము 80 టి.ఎం.సి.లకు పైగా నీరు నిలుపగల జలాశయము గాన, నీటికి కొరత లేదు. విద్యుత్తు మాత్రము సంవత్సరమునకు 635 కోట్ల యూనిట్లు కావలెను. అనగా 725 మెగావాట్ల శక్తి రేయింబవళ్లు ఎడతెగక అందవలెను. పోచంపాడు జలవిద్యుత్ కేంద్రపు శక్తి 36 మెగావాట్లు. ఇట్టి కేంద్రములు ఇరువది నిరంతరము పూర్తి శక్తితో నడచినను ఈ యొక్క కర్మాగారమునకే సరిపోవును. కావున వృథాయగు ప్రతి యూనిటును ఆదా చేయుటయే ముఖ్యము. ఆదా చేయు ఉపాయమే ఉత్ప్రేరకము.

నీటిని విద్యుత్తుతో విడదీయుట పాత విద్య. వోల్టా బ్యాటరీని కనుగొనిన 1800వ సంవత్సరముననే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అను వారు దాని తీగలను నీటిలో నుంచి, బుడగలు వచ్చుట గమనించిరి. ఋణ ధ్రువము నొద్ద ఉదజనియు, ధన ధ్రువము నొద్ద ఆమ్లజనియు వెలువడును. ఇందలి రహస్యమును కొంత పసుపే చూపగలదు. పసుపులో సున్నము కలిపిన ఎర్రని పారాణి యగునని ఎరుగని ఇల్లు ఈ ప్రాంతమున లేదు. క్షారము తగిలిన పసుపు ఎర్రబారుటయే దీనికి కారణము. ఒక కాగితమునకు పసుపు నీరు పట్టించి ఆరబెట్టి, సోడియము సల్ఫేటు కరిగించిన నీటితో మరల తడిపి, 9 వోల్టుల బ్యాటరీ తీగలకు కట్టిన రెండు పెన్సిలు ములుకులను ఆ కాగితము మీద ఎడముగా ఆనించినచో, ఋణ ధ్రువము చుట్టును ఎర్రని మచ్చ ఏర్పడును. ధన ధ్రువము చుట్టు పసుపు రంగు మారదు. ఒకచోట క్షారము, వేరొకచోట ఆమ్లము పుట్టుచున్నవని దీని తాత్పర్యము. వంట ఉప్పు వాడరాదు. దానివలన క్లోరిను వాయువు వెలువడును.

ఈ క్షారామ్ల భేదము సామాన్యమైనది కాదు. కర్మాగారములలోని యంత్రములు కూడ ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగలో గాఢమైన పొటాష్ క్షార ద్రవము నుండును. రెండవ తెగలో ఆమ్ల గుణము గల పలుచని పొర యొకటి రెండు ధ్రువముల నడుమ నుండును. ఒక తెగలో చక్కగా పనిచేయు లోహము రెండవ తెగలో కరగిపోవచ్చును. ఉత్ప్రేరకమును ఎన్నుకొను శాస్త్రజ్ఞుడు మొదట చూడవలసినది ఇదియే.

నీటిని విడదీయుటకు సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలును. వాస్తవమున యంత్రములు 1.8 వోల్టులో, రెండు వోల్టులో వాడుచున్నవి. అధికముగా నిచ్చిన శక్తిలో చాల భాగము వేడిగా మారి పోవును. వోల్టులో పదవ వంతు తగ్గించినచో కిలో ఉదజనికి 2.7 యూనిట్లు మిగులును. యూరియా సంచికి 12 యూనిట్లు. రామగుండమంత కర్మాగారమునకు సంవత్సరమునకు 34 కోట్ల యూనిట్లు. ఒక వోల్టులో పదవ వంతు కొరకు శాస్త్రజ్ఞులు జీవితములను ధారవోయుటకు కారణ మిదియే.

ఈ నష్టములో పెద్ద పాలు ఉదజని పుట్టుచోట గాక, ఆమ్లజని పుట్టుచోట జరుగుచున్నది. ఉదజని అణువు ఏర్పడుటకు రెండు ఎలెక్ట్రానుల మార్పిడి చాలును. ఆమ్లజని అణువు ఏర్పడవలెననిన రెండు నీటి అణువుల నుండి నాలుగు ఎలెక్ట్రానులను లాగవలెను; నాలుగు ఉదజని కణములను త్రోసివేయవలెను; మిగిలిన రెండు ఆమ్లజని పరమాణువులను జతగూర్చవలెను. ఇది నాలుగు అంచెలుగా లోహ ఆక్సైడు ఉపరితలము మీద జరుగును. మొదట ఒక ఆమ్లజని, ఒక ఉదజని కూడిన ముక్క ఉపరితలమునకు అంటుకొనును. రెండవ అంచెలో ఉదజని తొలగి ఆమ్లజని యొక్కటే మిగులును. మూడవ అంచెలో దానికి రెండవ ఆమ్లజని, దానితో నొక ఉదజనియు వచ్చి చేరును. నాలుగవ అంచెలో ఆ ఉదజని కూడ పోయి, జంట ఆమ్లజని వాయువై లేచిపోవును.

ఈ నాలుగు అంచెలను దిగుడు బావి మెట్లతో పోల్చవచ్చును. మెట్లన్నియు సమానమైన ఎత్తున నున్నచో ఎక్కువాడు అలసిపోడు. ఒక్క మెట్టు నడుమంత ఎత్తున్నచో, తక్కినవి ఎంత పొట్టిగానున్నను లాభము లేదు. ఆ యొక్క మెట్టును ఎక్కగల బలము కావలసినదే. ఆమ్లజని విషయమున ప్రతి మెట్టును 1.23 వోల్టుల ఎత్తుననుండుట ఆదర్శము. ఉపరితలము ఈ ముక్కలను మిక్కిలి గట్టిగా పట్టుకొన్నచో అవి విడిచి పోవు. మిక్కిలి వదులుగా పట్టుకొన్నచో వచ్చి చేరవు. పట్టు మధ్యస్థముగా నుండవలెనను ఈ సూత్రము 1912లో నోబెలు బహుమానము పొందిన ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ సబాటియే పేర ప్రసిద్ధము.

అయితే పట్టును సరిదిద్దుటలో నొక చిక్కు కలదు. 2011లో డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన యాన్ రోస్‌మైస్ల్ మున్నగువారు అనేక ఆక్సైడులను గణితము ద్వారా పరిశీలించి ఒక విషయము ప్రకటించిరి. మొదటి అంచెలోని ముక్కకును మూడవ అంచెలోని ముక్కకును నడుమనుండు ఎత్తు ఏ ఆక్సైడు మీదనైనను ఇంచుమించు 3.2 వోల్టులే. ఉండవలసినదో, రెండు మెట్లకు కలిపి 2.46 మాత్రమే. 3.2 వోల్టుల ఎత్తును రెండు మెట్లుగా సమానముగా పంచినను ఒక్కొక్కటి 1.6 అగును. అనగా ఎంత నేర్పుతో లోహములను మార్చినను, వోల్టులో మూడవ వంతుకు మించిన నష్టము సాధారణముగా తప్పుట లేదు. ఉపరితలమునకు ఒక్క చోట గాక రెండు చోట్ల ఆధారమిచ్చి, మూడవ అంచెలోని ముక్కను మాత్రము ప్రత్యేకముగా పట్టుకొను నిర్మాణములను వెదకుట అప్పటి నుండి ఒక ముఖ్య మార్గమైనది.

ఇక ఏ లోహములు పనికివచ్చును? ఆమ్ల తెగకు చెందిన యంత్రములలో ఇరిడియము ఆక్సైడు శ్రేష్ఠము. రుథేనియము ఆక్సైడు అంతకంటె చురుకైనదే గాని త్వరగా కరగిపోవును. ఇరిడియమునకు గల దోషము దాని అరుదు. ప్రపంచమంతటను కలిపి సంవత్సరమునకు ఏడెనిమిది టన్నులు మాత్రము లభించుచున్నది; అందులో అధిక భాగము దక్షిణాఫ్రికా నుండి వచ్చును. లోకమున కంతటికిని ఎరువు నందింపవలసిన విద్య ఇంత స్వల్పమైన లోహము మీద నిలువజాలదు. ఇరిడియము వాడకమును తగ్గించుటకు అనేక యత్నములు సాగుచున్నవి.

క్షార తెగలో సామాన్య లోహములకు చోటు కలదు. అందు నికెలుది ప్రథమ స్థానము. ఈ నికెలు కథ ఆలోచింపదగినది. నికెలు ఆక్సైడు ఆమ్లజనిని చక్కగా వెలువరించునని చాల కాలము నమ్మిరి. 1987లో అమెరికాకు చెందిన కారిగన్ అను శాస్త్రజ్ఞుడు అందులో కల్మషముగా చేరిన ఇనుము, పదివేలలో ఒక పాలు ఉన్నను, ఆ క్రియను మార్చివేయుచున్నదని ప్రకటించెను. 2014లో ఆరిగాన్ విశ్వవిద్యాలయమున బెచర్ బృందము ద్రవములోని ఇనుమును పూర్తిగా తొలగించి చూడగా, శుద్ధమైన నికెలు ఆక్సైడు మందకొడి ఉత్ప్రేరకమని తేలినది. నికెలుకు వచ్చిన కీర్తిలో చాల పాలు కంటికి కనబడని ఇనుముది. నేడు నికెలు, ఇనుములను ఉద్దేశపూర్వకముగా కలిపి చేసిన ఆక్సైడులు క్షార తెగలో మేలైన వానిలో చేరినవి.

స్వల్పమైన పాలు పదార్థపు గుణమును మార్చుట ఈ జిల్లాకు క్రొత్త సంగతి కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించిన ఉక్కు తయారగుచుండెను. దానికొరకు పారసీక వర్తకులు ఇచ్చటికి వచ్చెడివారు. వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసిన ఆ పరిశ్రమ వివరణము 1832లో అచ్చయినది. ఇట్టి ఉక్కుతో చేసిన డమాస్కసు కత్తుల మీది అలల వంటి గీతలకు అత్యల్పమైన వెనేడియము వంటి లోహములు కారణమని 1990ల యందలి పరిశోధనలు తెలిపినవి. ఆ కమ్మరులు చేతి అనుభవముతో సాధించిన దానిని నేటి శాస్త్రజ్ఞుడు పరమాణువులను లెక్కించి సాధింపజూచుచున్నాడు.

ఆ లెక్కకు ఒక మార్గము 2011లో దొరకినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన యాంగ్ షావో-హార్న్ బృందము పెరోవ్‌స్కైటు అను తరగతి ఆక్సైడులను పోల్చి, లోహ పరమాణువు యొక్క ఒకానొక కక్ష్యావర్గములో ఇంచుమించు ఒక్క ఎలెక్ట్రాను ఉన్నపుడు క్రియ చురుకుగా సాగునని కనుగొనెను. 2013లో బెంగుళూరున సి.ఎన్.ఆర్. రావు బృందము వెలుగు సహాయమున నీటిని ఆక్సీకరించు మాంగనీసు, కోబాల్టు ఆక్సైడులలోను ఇట్టి నియమమునే చూపినది. గ్రుడ్డిగా వేయి మిశ్రమములను పరీక్షించు శ్రమ దీనివలన కొంత తగ్గినది.

ప్రకృతి ఈ పనిని ఎప్పుడో నేర్చినది. పసుపు చేనిలోని ప్రతి ఆకును పగలెల్ల నీటిని విడదీయుచునే యున్నది. ఆ పనిముట్టు నాలుగు మాంగనీసు, ఒక కాల్షియము, అయిదు ఆమ్లజని పరమాణువులు గల చిన్న ముడి. ఒక విధముగా అదియును లోహ ఆక్సైడే. దాని నిర్మాణమును 2011లో జపాను శాస్త్రజ్ఞులు షెన్, కామియా మున్నగువారు స్పష్టముగా చూపిరి. అయితే ఆకు తన పనిముట్టును ఎడతెగక బాగుచేసికొనుచుండును. ఎండ తీవ్రముగా నున్నపుడు దానిని పట్టియుంచు ప్రోటీను అరగంటకే చెడి, క్రొత్తది తయారగును. యంత్రములోని ఆక్సైడుకు ఆ సౌకర్యము లేదు. అది ఏండ్ల తరబడి మారక నిలువవలెను. కొన్ని గంటలు అద్భుతముగా పనిచేసి కరగిపోవు ఉత్ప్రేరకము పత్రికలకు వార్త కావచ్చును గాని కర్మాగారమునకు పనికిరాదు.

విద్యుత్తు లేకయే, ఎండ తోడనే నీటిని విడదీయు యత్నమునకు 1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండాలు టైటానియము డయాక్సైడుతో చేసిన ప్రయోగము పునాది. ఆ ఆక్సైడు చౌకయైనది, గట్టిది. కాని ఎండలోని అతినీలలోహిత కిరణములను మాత్రమే గ్రహించును. అవి మొత్తము ఎండలో నూటికి అయిదు పాళ్లకు మించవు. తెలుగునాట కూడ ఈ కృషి సాగినది. 1944లో నిజాము రాజ్యమున పుట్టి, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థయని పిలువబడు హైదరాబాదు ప్రయోగశాలకు చెందిన వి. దుర్గాకుమారి, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన ఎం.వి. శంకర్ మున్నగువారు 2013లో సూక్ష్మమైన రాగి ఆక్సైడు రేణువులను టైటానియము డయాక్సైడు మీద చేర్చి, గ్లిజరిను కలిపిన నీటి నుండి ఎండలో ఉదజనిని రాబట్టిరి. ఇట్టి పద్ధతిలో ఆమ్లజనిని పుట్టించు కష్టమైన సగము పనికి బదులు గ్లిజరిను ఆక్సీకరణము చెందును. ఆ కష్టమైన సగము ఎంత కష్టమైనదో దీనివలనను తెలియుచున్నది.

నేటి పరిస్థితి యేమి? 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని ప్రణాళికను ఆమోదించినది. 2030 నాటికి సంవత్సరమునకు 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యము. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఒక పెద్ద ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. అయినను యూరియా విషయమున ఒక మాట మరువరాదు. యూరియాకు ఉదజనితో పాటు బొగ్గుపులుసు వాయువు కూడ కావలెను. సహజ వాయువు రెండింటిని ఇచ్చును. నీరు ఉదజనిని మాత్రమే ఇచ్చును. కావున నీటి ఉదజనితో మొదట అమ్మోనియా తయారగుటయు, యూరియాకు బొగ్గుపులుసు వాయువును వేరొకచోటి నుండి సమకూర్చుటయు అవసరమగును.

తుదకు ఒక హెచ్చరిక. నీటితో నడచు ఇంజను కనుగొంటిమనియు, ఒక మందు కలిపినచో నీరే ఇంధనమగుననియు చెప్పువారు అప్పుడప్పుడు బయలుదేరుదురు. అట్టివారికి పెట్టుబడి పెట్టి సొమ్ము పోగొట్టుకొనువారును కలరు. ఉత్ప్రేరకము శక్తిని పుట్టింపజాలదు. శక్తి వృథాయగుటను తగ్గించును, అంతియే. నీటి నుండి కిలో ఉదజనిని తీయుటకు, వేడితో కలిపి, 39.4 యూనిట్ల శక్తిని ఇచ్చుట ఎన్నటికిని తప్పదు. ఆ ఉదజనిని మండించినపుడు తిరిగి వచ్చునదియును అంతకు మించదు. కావున క్రొత్త కల్పన యని ఎవరేమి చూపినను మూడు ప్రశ్నలు అడుగవలెను: విద్యుత్తు లేక వెలుగు ఎచ్చటనుండి వచ్చుచున్నది? కిలో ఉదజనికి ఎన్ని యూనిట్లు వ్యయమగుచున్నవి? ఆ పదార్థము ఎన్ని వేల గంటలు నిలిచినది? ఈ మూటికి అంకెలతో సమాధానము చెప్పలేనివాని మాట నమ్మదగదు.

ఈ ప్రశ్నలను అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. పసుపు కాగితము, బ్యాటరీ, పెన్సిలు ములుకులు గల బాలుడు ఆరంభింపగలడు. ఆ పైన తెలిసికొనవలసినది గ్రంథాలయపు బీరువాలలో దొరకవలెను. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము రాబోవు ఇరువదియైదేండ్లలో తెలుగున శాస్త్ర గ్రంథములకు ఒక ప్రత్యేకమైన అర కేటాయించి, ప్రతి సంవత్సరమును దానిని పెంపొందించినచో, ఆర్మూరు ప్రాంతపు బాలబాలికలు ఈ విద్యను వినుటతో తృప్తిపడక, అందు పాలుగొనగలరు.

స్వస్తి.